పలకకు అంచు కట్టుట

వడ్రంగి పనిని మెచ్చుకొనువారు సాధారణముగా బీరువా ముఖమును చూచి మెత్తురు; దాని రంగును, నునుపును, కొయ్య నారలోని సొంపును కొనియాడుదురు; పని యెఱిగినవాడు మాత్రము వంగి తలుపు క్రింది అంచును వ్రేలితో తడవి చూచును. చెట్టు బ్రతికియున్నంత కాలము వేరునుండి చిటారుకొమ్మకు నీరు మోసిన సన్నని నాళములు, అది కూలి కోతపడి పలకయైన తరువాతను నోళ్లు తెరచుకొనియే యుండును. ఆ నోళ్లు పలక ముఖమున గాక కొనయందే యుండుటచేత, గాలిలోని తేమగాని, చిందిన నీరుగాని ముఖముకన్న కొననుండియే మిక్కిలి త్వరగా లోనికి చొచ్చును. ప్లైవుడ్డునందు పొరలను ఒకదానికొకటి అడ్డముగా పేర్చి అంటింతురు గనుక, పలకను ఏ వైపున కోసినను కొన్ని పొరల కొనలు బయటపడక తప్పదు. కొయ్యపొట్టును, చితుకులను జిగురుతో కలిపి వేడిమీద అదిమి చేయు పార్టికిల్ బోర్డు స్థితి ఇంతకన్న దీనము: దాని నడిమి భాగము వదులుగా నుండును, అంచునుండి నీరు త్రాగి ఒకమారు ఉబ్బెనా, ఎండిన పిమ్మట మరల పూర్వపు మందమునకు రాదు. పైనను క్రిందను సన్‌మైకా అంటించి అంచును వట్టిగా విడిచిన పలక, నలువైపుల గోడలు లేపి వాకిటికి తలుపు పెట్టని యిల్లు వంటిది.

ముఖమునైనను అంచునైనను మేలైన పొరతో కప్పు విద్య, మేలైన కొయ్య అరుదైనచోట వికసించినది. మంచి కలపకు కఱవైన ఈజిప్టు దేశమున శిల్పులు సామాన్యమైన కొయ్యపై విలువగల కొయ్య రేకులను, దంతపు పలుకులను అంటించుట వేల యేండ్ల క్రిందటనే నేర్చిరి. 1922లో హవర్డ్ కార్టర్ కనుగొన్న టూటంకామెన్ సమాధిలోని సామగ్రి అందుకు సాక్ష్యము. 18వ శతాబ్దమున ఆంగ్ల వడ్రంగులు బల్లల అంచు వెంబడి, నార అడ్డముగా వచ్చునట్లు వేఱు కొయ్య రేకులను పట్టీగా అంటించిరి. వారిలో పేరుగాంచిన షెరటన్ కాలమున వారికి మిక్కిలి ప్రీతిపాత్రమైన సాటిన్‌వుడ్డులో ఒక జాతి మన అడవులలోని బిల్లుడు చెట్టే.

ఈ చరిత్రలో తెలుగువారి పాలు చిన్నది కాదు. విశాఖపట్టణపు పనివారు ఐరోపా వర్తకుల కోరికపై, వారి దేశపు వాటమున గట్టి నల్లకొయ్యతో కుర్చీలను, పెట్టెలను చేసి, వాని అంచుల చుట్టును తీగెలు సాగి పూవులు పూచిన దంతపు పట్టీలను పొదిగి, దంతముపై సన్నని గీతలు చెక్కి, ఆ గీతలలో నల్లని లక్క నింపెడివారు. 1756లో ఆ పట్టణమును చూచిన కార్నీల్ అను సేనాధికారి, అచ్చటి అద్దకపు బట్టలతో పాటు ఈ పొదుగుడు పనిని గూడ ప్రశంసించెను. కాలక్రమమున అదే పట్టణమున చందనపు పెట్టెలను ఆమూలాగ్రము దంతపు రేకులతో కప్పు పద్ధతి యేర్పడినది. అంచుననున్న పట్టీయే పెరిగి వస్తువు నంతటిని ఆక్రమించుకొన్నదనవచ్చును. లోని కొయ్య యొకటి, పైరేకు మఱొకటి యైనంతమాత్రమున దానిని కపటపు పని యని నిందించినవారు లేరు. నేటి ప్లైవుడ్డు అంచుపైని టేకు బద్దను మాత్రము మోసమనుట నాకు న్యాయముగా తోచదు.

రెండవ ప్రపంచయుద్ధానంతరము జర్మనీలో ఇండ్లకు, ఇంటి సామానునకు అక్కఱ హెచ్చి, కలప చాలక, పార్టికిల్ బోర్డు విరివియైనది. దాని వికారమైన అంచును వేగముగా కప్పు సాధనము కావలసివచ్చెను; 1960లో స్థాపితమైన హోమాగ్ వంటి జర్మను సంస్థలు అట్టి యంత్రములను నిర్మించి లోకమంతట వ్యాపింపజేసినవి.

చేతిపనిలో ఉత్తమమైనది టేకు బద్దను అతుకుట. పలక మందముకన్న రవంత వెడల్పుగా బద్దను చీల్చి, చిత్రికతో ఒక ముఖమును సమము చేసి, తెల్ల ఫెవికాల్ పూసి, తలలేని సన్నని మేకులతోగాని, క్లాంపులతోగాని బిగింతురు. జిగురు ఆరువఱకు దాని జోలికి పోరాదు. తరువాత రెండు వైపుల మిగిలిన అంచును చిత్రికతో పలక మట్టమునకు తెచ్చునప్పుడు పనివాని చేయి తేలికగా నడువవలెను. చిత్రిక ఒక్కసారి ఎక్కువ లోతు దిగినచో పైపొర లేచిపోవును, దానికి మందు లేదు. బద్దను ముందు అతికి పైరేకును పిమ్మట అంటించినచో, రేకు బద్దమీదుగా సాగి, అతుకు కంటికి కనబడదు; రేకు అంటించిన పిమ్మట బద్దను అతికినచో సన్నని గీత కనబడునుగాని రేకు అంచునకు రక్షణ దొరకును. నిత్యము చేతులు, తాళపుచెవులు తగులు బల్లకు రెండవదియే మేలని నా యభిప్రాయము. టేకు బద్దకు దెబ్బ తగిలి నొక్కు పడినను, ఉప్పు కాగితముతో రుద్ది మరల మెఱుగు పెట్టుకొనవచ్చును.

ఇప్పుడు విరివిగా వాడుచున్న పీవీసీ పట్టీ అర మిల్లీమీటరు లోపు మందమునుండి 2 మిల్లీమీటర్ల మందము వఱకు చుట్టలుగా దొరకును. 18 మిల్లీమీటర్ల పలకకు 22 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీని తీసికొని ఇరువైపుల మిగులు వదలుదురు. మందపు పట్టీ వేయునపుడు దాని మందమును ముందే లెక్కించి పలకను తగ్గించి కోయవలెను. రెండు వైపుల 2 మిల్లీమీటర్ల చొప్పున వేసిన తలుపు 4 మిల్లీమీటర్లు పెరిగి చట్రమున పట్టక, క్రొత్త యింట వడ్రంగికిని యజమానికిని వాగ్వాదము రేపును. కోసిన అంచుపై పొట్టు నిలిచియున్నచో జిగురు పొట్టును పట్టుకొనునుగాని పలకను పట్టుకొనదు. కావున తుడుచుటయే మొదటి పని. రబ్బరు జిగురైనచో అంచునకును పట్టీకిని రెంటికిని పూసి, వ్రేలికి అంటని స్థితి వచ్చువఱకు ఓర్చుకొని, ఒక కొననుండి గాలి చిక్కకుండ అదుముచు పోవలెను. ఒకసారి అంటిన పిమ్మట జరుపుటకు వీలులేదు. అల్మరా అరకు ప్రక్క అంచులను ముందు కట్టి ఎదుటి అంచును చివర కట్టుటచేత, ఎదుటి పట్టీ తక్కినవాని కొనలను కప్పివేయును. మిగులును తీయుటకు ఆకురాయిని పట్టీవైపునుండి పలకవైపునకు మాత్రమే త్రోయవలెను. వెనుకకు లాగినపుడు అంటినది ఊడును. ఇంత చిన్న నియమము తెలియక చెడిన పనులు లెక్కకు మిక్కిలి.

యంత్రమునందు ఇవన్నియు వరుసగా, క్షణములలో జరిగిపోవును: అంచు చెక్కబడును, కరగిన జిగురు సుమారు 200 డిగ్రీల వేడిమితో పూయబడును, రోలర్లు అదుమును, కొనలు తెగును, మిగులు గీచివేయబడును. జిగురు చల్లారి గట్టిపడుటకు ముందే పట్టీ అంటవలెను గనుక, చలికాలపు ఉదయమున చల్లబడిన పలకలు యంత్రమునకు శత్రువులు. వాడుకలోని ఈవీఏ జిగురు వేడికి మరల మెత్తబడు స్వభావము కలది. పొయ్యి ప్రక్క తలుపులకు పట్టీ ఊడుటకు తఱచు ఇదే హేతువు. పీయూఆర్ జిగురు గాలిలోని తేమతో కలిసి గట్టిపడి మరల కరగదు. వెల ఎక్కువైనను వంటింటికి అది తగినది.

వ్యయము తగ్గించుటకు ఎదుటి అంచునకు మందపు పట్టీ కట్టించి, వెనుకను క్రిందను వట్టిగా విడుచుట మన యిండ్లలో ఆచారమైపోయినది. తడిగుడ్డతో నేల తుడిచినపుడు నీరు తగులునది ఆ క్రింది అంచునకే. గోడ చెమ్మ సోకునది ఆ వెనుక అంచునకే. నేనైతే ఎదుటి మందపు పట్టీని మానిపించి, ఆ సొమ్ముతో నాలుగంచులకును పలుచని పట్టీనే వేయింతును. సింకు క్రింది పలకకు మాత్రము టేకు బద్ద నతికించి, గొట్టము దూరు రంధ్రపు లోపలి అంచునకు గూడ వార్నీషు పూయింతును.