'కాస్తా' అంటే కులమేనా?

కులానికి ఇంగ్లీషులో 'క్యాస్ట్' అంటున్నాం. హాస్టల్ దరఖాస్తులో, సర్టిఫికెట్‌లో అదే రాస్తున్నాం. ఆ మాట మనది కాదు, మొదట ఇంగ్లీషువాళ్లదీ కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు పడమటి తీరాన మన సమాజాన్ని చూసి, తమ భాషలోని 'కాస్తా' అనే మాటను దానికి తగిలించారు. వర్ణం, జాతి, కులం అన్నీ ఆ ఒక్క గంపలో పడ్డాయి. స్పానిష్‌లోనూ అదే మాట ఉంది. అందుకే స్పానిష్ రచనల్లో 'కాస్తా' కనపడగానే 'కులం' అని రాసేస్తున్నారు. ఈ అలవాటుతోనే మా పేచీ.

స్పానిష్‌లో ఈ మాట ఒక్కచోట కుదురుగా కూర్చునేది కాదు. స్త్రీ గురించి విశేషణంగా వాడితే శీలవతి అని అర్థం. నామవాచకంగా వాడితే వంశం, పశువుల్లో జాతి. ఎద్దుల పోరు దగ్గర ఫలానా ఎద్దుకు 'కాస్తా' ఉందంటే అది మేలుజాతిది, పౌరుషం ఉన్నదని. ఇందులో ఏదీ మన కులం కాదు. అయినా 'శుద్ధ రక్తం' వాసన మాత్రం అన్నింట్లో ఉంది.

ఇక మెక్సికోకు పోదాం. స్పెయిన్ ఏలుబడిలో అక్కడ 'కాస్తాస్' అని బహువచనంలో పిలిచింది శుద్ధ వంశీకుల్ని కాదు. మూలవాసులు, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు, స్పానిష్‌వాళ్లు కలవగా పుట్టినవాళ్లను. 18వ శతాబ్దపు 'కాస్తా చిత్రాలు' చూడండి. సాధారణంగా పదహారు బొమ్మల వరస. ఒక్కో బొమ్మలో తండ్రి, తల్లి, బిడ్డ. కింద బిడ్డకో పేరు. స్పానిష్ తండ్రికీ మూలవాసి తల్లికీ పుడితే 'మెస్తీసో'. ఎవరు పన్ను కట్టాలి, ఎవరు ఏ పదవికి పనికిరారు అన్నదాంట్లో ఈ పేర్లకు పాత్ర ఉంది. అక్కడ అణచివేత తక్కువని మేము అనడం లేదు. తేడా ఎక్కడంటే, కులం లోపలే పెళ్లి అనే కట్టుబాటే కులానికి ప్రాణమని అంబేద్కర్ 1916లోనే తేల్చాడు. మెక్సికో 'కాస్తా' ఆ గోడ దాటి పుట్టినవాళ్లకు పెట్టిన పేరు. రెంటినీ 'కులం' అనేస్తే, గోడా గోడ దాటడమూ ఒకటైపోతాయి.

యుకతాన్‌లో 1847లో మాయా రైతులు తిరగబడ్డారు. భూములు పోవడం, పన్నుల భారం వాళ్ల గోస. పాలకులు దానికి 'కాస్తాల యుద్ధం' అని పేరు పెట్టారు. కడుపుమంటను జాతిపగగా చూపించడానికి ఆ మాట పనికొచ్చింది. దాన్ని 'కుల యుద్ధం' అని రాస్తే, పాలకుల కథనాన్నే మనం మరో భాషలో మోసినట్టు.

ఇప్పుడు సంగతి ఇంకో మలుపు తిరిగింది. స్పెయిన్‌లో 2014లో పొదేమోస్ పార్టీ, అధికారాన్ని పంచుకు తినే నాయకుల్ని 'లా కాస్తా' అని తిట్టింది. అది వామపక్షం. 2023లో అర్జెంటీనా అధ్యక్షుడిగా గెలిచిన మిలేయ్‌ది దానికి ఎదురు పక్షం. తిట్టు మాత్రం అదే. దీన్ని 'కులం' అని రాస్తే మిలేయ్ కుల నిర్మూలనకు దిగాడని మన పాఠకుడు అనుకోవాల్సొస్తుంది! నవ్వులాటకే కాదు, ఇందులో ప్రమాదమూ ఉంది. ఆ అర్థమే తిరిగి మన మీదికొస్తే, కులమంటే పదవుల్లో ఉన్న పెద్దల ముఠా అనే తెలివి మిగులుతుంది. ఊరికి అవతలున్న వాడ, చేతితో మలం ఎత్తే మనిషి ఆ తెలివిలో కనబడరు.

మరి ఎట్లా చదవాలి? నిఘంటువులో మొదటి అర్థం దగ్గర ఆగొద్దు. మాట ఏకవచనమా, బహువచనమా? విశేషణమా, నామవాచకమా? ఏ కాలం, ఏ దేశం? అన్నింటికన్నా ముందు, ఎవరు ఎవర్ని అంటున్నారు? పైవాడు కిందివాణ్ణి అన్నప్పుడు అది ముద్ర. కిందివాడు పైవాణ్ణి అన్నప్పుడు తిట్టు. అనువాదాలు చేసే విద్యార్థులకు మా మనవి ఒక్కటే: అవసరమైతే 'కాస్తా' అనే ఉంచండి, పక్కన రెండు వాక్యాల వివరణ ఇవ్వండి. 'కులం' అనే మాటను మాత్రం చవగ్గా ఖర్చు పెట్టకండి. దాని బరువు మోస్తున్నవాళ్లు ఇంకా ఇక్కడే ఉన్నారు.