స్టేజీ మీద బేస్ లెక్కలు వేరు

కొత్తగా బేస్ గిటార్ పట్టిన కుర్రాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే. "అన్నా, ఏ మోడల్ కొనమంటావ్?" నేను ఎదురు ప్రశ్న వేస్తాను. "ఎక్కడ వాయిస్తావ్ తమ్ముడూ? ఇంట్లోనా, స్టేజీ మీదా?" నేనేదో మాట దాటేస్తున్నానని చాలామంది నవ్వి ఊరుకుంటారు. దాటెయ్యడం కాదు. షాపులో స్టూలు మీద కూర్చుని ఒంటరిగా వాయించినప్పుడు ఆహా అనిపించిన నాదం, పెళ్లి స్టేజీ మీద ఆక్టోప్యాడ్‌కీ, రెండు కీబోర్డులకీ, తబలాకీ, నలుగురు గాయకులకీ మధ్య పడగానే మాయమైపోతుంది. ఒంటరిగా వింటే గరుకుగా, కాస్త ముక్కుగొంతుతో ఉన్నట్టుండేదే అక్కడ నిలబడుతుంది.

కారణం సౌండు బాక్సుల్లో కన్నా మన చెవిలోనే ఎక్కువ ఉంది. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ ‘ఈ’. మెట్టు మీద వేలు పెట్టకుండా దాన్ని మీటితే సెకనుకు 41 సార్లు ఊగుతుంది. ఆ లోతులో మన చెవికి చురుకు తక్కువ. పైగా ఆక్టోప్యాడ్ వాడి కిక్కు, కీబోర్డు ఆయన ఎడమ చెయ్యి అక్కడే తొక్కిసలాడుతుంటాయి. మనం స్వరాన్ని గుర్తుపట్టేది దాని మీద పుట్టే 82, 124, 165 హెర్ట్జ్‌ల దగ్గర మొదలై ఇంకా పైకి పోయే పై స్వరాల వల్ల. ఫోన్ స్పీకర్‌కి 41 హెర్ట్జ్ పలికే శక్తి లేదు. అయినా ఫోన్లో పాట వింటూ బేస్ ఎటు నడుస్తోందో చెప్పగలుగుతున్నామంటే, వినపడిన పై స్వరాలను బట్టి వినపడని అడుగు స్వరాన్ని మెదడు తనే పూరించుకుంటోందన్నమాట. ఇంట్లో మనవాళ్లు చేసేదేమిటి? ఆంప్ మీద లోతు పెంచుతారు, ట్రెబుల్ పెంచుతారు, మధ్యలో ఉన్న ‘మిడ్’ని కిందికి తోసేస్తారు. అంటే స్వరం ఆనవాలు దొరికే చోటునే చెరిపేస్తారు. నేను స్టేజీ ఎక్కితే 400 నుంచి 800 హెర్ట్జ్ దాకా కొంచెం పైకే ఉంచుతాను. సౌండ్ చెక్‌లో అది వికారంగానే ఉంటుంది. ఉండనీ. మొదటి పాట మొదలయ్యాక ఎవరికీ గుర్తుండదు.

ఇక హాలు సంగతి. ఆ ‘ఈ’ స్వరం గాలిలో ఒక్క అల పొడవు ఎనిమిది మీటర్ల పైచిలుకు. గట్టి గోడకు తగిలి వెనక్కి వచ్చే అల, ఎదురొచ్చే అల కలుసుకుని కొన్నిచోట్ల ఒకదానికొకటి బలమిచ్చుకుంటాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి మింగేస్తాయి. గోడకు ఆనుకుని నిలబడ్డ బాబాయికి కడుపులో దడ పుడుతుంది. అదే గోడకు రెండు మీటర్ల ఇవతల కుర్చీలో కూర్చున్న పిన్నికి ఆ స్వరం దాదాపు లేనట్టే. ఇద్దరూ ఒకే పాట విన్నారు, ఒకే మిక్సర్ నుంచి విన్నారు. మన ఫంక్షన్ హాళ్లన్నీ గ్రానైట్ నేల, గాజు తలుపులు, నున్నటి గోడలు. శబ్దాన్ని పీల్చుకునేది ఏమైనా ఉందంటే జనం కట్టుకొచ్చిన పట్టుచీరలే. అవి పై స్వరాలను కొంత తగ్గిస్తాయిగానీ ఎనిమిది మీటర్ల అలను ఏం చెయ్యగలవు? అందుకే బేస్ బాగాలేదని ఒకరు, అదిరిపోయిందని ఇంకొకరు అంటే నేను ఇద్దరినీ నమ్ముతాను.

వినపడకపోవడం ఈ వాద్యానికి పుట్టుకతో వచ్చిన బాధ, ఇది పుట్టిందే ఆ బాధ తీర్చడానికి. మనిషంత ఎత్తు డబుల్ బేస్‌ని బ్యాండుల వాళ్లు కారు పైకప్పు మీద కట్టుకుని తిరిగేవారు. ఇంతా మోసుకెళ్తే డ్రమ్ముల పక్కన దాని గొంతు పెగిలేది కాదు. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసే పని నుంచి వచ్చిన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ని అమ్మకానికి పెట్టాడు. భుజాన వేసుకునే వాద్యం, వీణకున్నట్టు మెట్లు, 34 అంగుళాల తీగ పొడవు. ఆ కొలతే నేటికీ ప్రమాణం. గిటార్ సమస్య తీరాక ఆంప్ సమస్య మొదలైంది. 1969లో ఆంపెగ్ కంపెనీ 300 వాట్ల ఎస్‌వీటీ తెచ్చింది. వాల్వులతో నిండిన ఆ హెడ్ ఒక్కటే 35 కిలోల పైమాట. దాని కింద ఎనిమిది స్పీకర్ల క్యాబినెట్ వేరే. ఆ ఏడాది రోలింగ్ స్టోన్స్ అమెరికా పర్యటనకు తీసుకెళ్లింది దాని తొలి నమూనాలనే. ఇప్పుడు అంతకన్నా ఎక్కువ వాట్లిచ్చే క్లాస్-డీ ఆంప్ రెండు మూడు కిలోల్లో వస్తోంది, సంచిలో వేసుకుని ఆటో ఎక్కొచ్చు. నిజం చెప్పాలంటే మన ఆర్కెస్ట్రాల్లో అదీ అక్కర్లేదు. గిటార్ నుంచి పీ-38 పిన్ను డీఐ బాక్స్‌లోకి, అక్కడి నుంచి కెనాన్ పిన్ను మిక్సర్‌కి. జనానికి వినిపించేది మైక్ సెట్ ఆయన స్పీకర్లే. స్టేజీ మీద ఆంప్ పెట్టుకుంటే అది నా కోసమే. సౌండాయన నాకు మానిటర్ ఇవ్వడం మరిచిపోయిన రోజున ఆదుకుంటుంది.

గిటార్ మీద లక్షలు పోసేముందు జేమ్స్ జేమర్సన్ గురించి తెలుసుకోవాలి. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకు అరవైల్లో బేస్ వాయించినవాడు. ఆయన పనిముట్టు 1962 నాటి ప్రెసిషన్ బేస్ ఒక్కటి. దాని మీద నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు, తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. తీగలు ఎక్కువసేపు మోగకుండా బ్రిడ్జి దగ్గర మూత కింద స్పాంజి ముక్క. కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. స్టూడియోలో చాలా పాటలకు ఆంప్ కూడా లేదు, తిన్నగా రికార్డింగ్ కన్సోల్‌లోకే. ఈ జాబితాలో ఏదీ షాపువాడు గొప్పగా చూపించే సరుకు కాదు. ఇప్పటి కుర్రాళ్లు వాడే తీగలు మిలమిలలాడుతూ మూడు నాలుగు సెకన్లు మోగుతూనే ఉంటాయి. జేమర్సన్ స్వరం మొదలవ్వడం ఎంత స్పష్టమో అయిపోవడం అంత తొందర.

నా మటుకు నాకు బేస్ విద్యలో సగం ఆ ఆపడంలోనే ఉంది. నెమ్మది మెలోడీ ఒకటి తీసుకోండి. పల్లవి చివర గాయని ఊపిరి తీసుకునే చోటు ఉంటుంది. అక్కడ బేస్ స్వరం ఇంకా మోగుతూ ఉంటే ఆ ఊపిరి వినపడదు, తర్వాత వచ్చే తబలా దెబ్బకు ఎదురుచూపు ఉండదు. ఎడమచేతి వేలు తీగ మీద నుంచి పూర్తిగా ఎత్తకూడదు. ఎత్తితే ఖాళీ తీగ ‘టంగ్’మంటుంది. నొక్కు వదిలి, తాకుడు మాత్రం ఉంచాలి. అదే సమయానికి కుడిచేతి బొటనవేలు పై తీగల మీద వాలి ఉండాలి. లేకపోతే మనం మీటని లావు తీగ పక్కవాటి ఊపుకు తనూ ఊగి హాలంతా గుంయ్‌మంటుంది. ఇంట్లో చిన్న ఆంప్ మీద ఈ గుంయ్ వినపడదు. రెండు వేల వాట్ల మీద బాగా వినపడుతుంది. ఈ వేళ్ల పని ఏ కంపెనీ అమ్మదు.

తెలుగు ఆర్కెస్ట్రాల్లో బేస్ వాద్యకారుడు అంతరించిపోయే జాతి. ఖర్చు తగ్గించుకోవాలంటే నిర్వాహకుడు మొదట కోసేది మా జీతమే. "కీబోర్డు అన్న ఎడమ చేత్తో కొట్టేస్తాడులే" అంటాడు. కొట్టేస్తాడు, కాదనను. ఇంకా పొదుపుగా కావాలంటే ల్యాప్‌టాప్‌లో ట్రాక్ పెట్టేస్తారు. అయితే ఇళయరాజా పాట వచ్చేసరికి ఆ ఎడమ చెయ్యి దొరికిపోతుంది. ఆయన బేస్‌ని తంబురాలా ఆధార శ్రుతికి వదిలెయ్యలేదు, స్వరం స్వరం కాగితం మీద రాసి ఇచ్చాడు. ఆయన బృందంలో ఏళ్ల తరబడి ఆ వరసలు వాయించింది శశిధరన్. అన్వేషణ (1985), గీతాంజలి (1989) పాటలు ఈసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, గొంతుల్ని కాసేపు పక్కనపెట్టి, బేస్ వెంట నడుస్తూ వినండి. అడుగున ఇంకో పాట నడుస్తుంటుంది. తర్వాతి తరంలో రెహమాన్ పాటలకు చెన్నై వాద్యకారుడు కీత్ పీటర్స్ చేసిన పని కూడా అంతే. వాయిస్తున్నట్టు తెలియనివ్వడు, తీసేస్తే పాట కూలుతుంది.

నేను ఐదు తీగల గిటార్‌కు మారింది మాత్రం కళ కోసం కాదు, గాయకుల కోసం. ప్రోగ్రాం మధ్యలో గొంతు బరువెక్కిన గాయకుడు వెనక్కి తిరిగి "అన్నా, అర శ్రుతి దించేద్దాం" అంటాడు. కీబోర్డు ఆయన ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి దర్జాగా కూర్చుంటాడు. ‘ఈ’లో ఉన్న పాట అర శ్రుతి దిగితే నాలుగు తీగల బేస్‌కి ఆ అడుగు స్వరమే లేదు, ఒక స్థాయి పైన వాయించుకోవాలి. ఐదో తీగ ‘బీ’ సెకనుకు 31 సార్లు ఊగుతుంది. అంత కిందికి చాలా స్పీకర్లు దిగలేవనుకోండి, కానీ ఆ తీగ మీద పై మెట్లున్నాయి, అవి నాకు చాలు.

అసలు డబ్బు పెట్టాల్సిన చోటు ఇంకొకటి ఉంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ఎర్త్ సరిగా లేని స్టేజీ మీద వచ్చే హమ్ కూడా 50 హెర్ట్జే, దాని మీద 100. బేస్ మీద కింది ‘జీ’ స్వరం 49. అంటే మన హమ్ కొంచెం శ్రుతి తప్పిన ‘జీ’ అన్నమాట. ‘జీ’లో ఉన్న పాట వాయిస్తుంటే రెండూ కలిసి వూ-వూ-వూ అని సెకనుకోసారి ఊగుతాయి. అమెరికాలో 60 హెర్ట్జ్ గనుక అక్కడివాళ్ల హమ్ ‘ఏ షార్ప్’కీ ‘బీ’కీ మధ్య ఎక్కడో పడుతుంది. ఈ విషయంలో వాళ్లు మనకన్నా అదృష్టవంతులేం కాదు. దీనికి మందు డీఐ బాక్స్ మీదుండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్. సిగ్నల్ తీగలో ఎర్త్ చుట్టు తిరగకుండా తెంపుతుంది. అంతేగానీ హమ్ పోతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసే ఘనులున్నారు, వాళ్లను స్టేజీ దరిదాపుల్లోకి రానీయకూడదు.

ఇది వేళాకోళం కాదు. 1972 మేలో వేల్స్‌లోని స్వాన్సీలో, స్టోన్ ది క్రోస్ అనే స్కాట్లండ్ బృందం గిటారిస్టు లెస్ హార్వే స్టేజీ మీద మైకు తాకి షాక్ కొట్టి చనిపోయాడు. మన చేతి కింద ఉన్నవి లోహపు తీగలు. అవి ఆంప్ ద్వారా ఒక లైనుకు కలిసి ఉంటాయి, పెదవికి తగిలే మైకు ఇంకో లైనుకు. రెండింటి మధ్య వోల్టేజి తేడా ఉంటే దారి మన ఒళ్లే. కరెంటు పోయి జనరేటర్‌కు మార్చినప్పుడు కూడా ఈ ప్రమాదం ఉంది. చాలా జనరేటర్లకు ఎర్త్ కడ్డీ దిగేసినవాడే ఉండడు. నేను కోరస్ పాడాల్సి వస్తే ముందు మైకు జాలీ మీద లైన్ టెస్టర్ పెట్టి చూస్తాను. టెస్టర్ వెలిగితే పాడను. వెలగకపోయినా మైకుకు పెదవి ఆనించను, స్పాంజి తొడుగు వేయిస్తాను. పక్కనున్న గాయకులు మొదట్లో నవ్వేవారు. ఇప్పుడు వాళ్లే "టెస్టర్ తెచ్చావా అన్నా?" అని అడుగుతున్నారు.

మిగతా సామాను గురించి రెండు ముక్కలు. బేస్ నాలుగు కిలోల దాకా బరువుంటుంది గనుక మూడు అంగుళాల వెడల్పు బెల్టు కొనుక్కోండి, మూడు గంటల ప్రోగ్రాం తర్వాత భుజమే చెబుతుంది తేడా. కాలితో తొక్కే ట్యూనర్ పెడల్ శ్రుతి చూపించడమే కాదు, తొక్కగానే శబ్దం ఆపేస్తుంది. కేబుల్ పీకేటప్పుడు ‘ఢాం’ మనదు. యాక్టివ్ బేస్ అయితే లోపల తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉంటుంది. గిటార్‌కు పిన్ను గుచ్చినంతసేపూ, వాయించినా వాయించకపోయినా అది ఖర్చవుతూనే ఉంటుంది. భోజనాల విరామంలో పిన్ను పీకి పెట్టడం అలవాటు చేసుకోండి. తీగలన్నీ కలిసి మెడను 70 కిలోల పైన లాగుతుంటాయి. వానాకాలంలో విశాఖ వెళ్లొస్తే చెక్క తేమ పీల్చి మెడ వంగుతుంది, తీగలు మెట్లకు ఎత్తుగా నిలుస్తాయి. లోపలి ట్రస్ రాడ్‌ను అలెన్ కీతో పావు చుట్టు తిప్పి, ఒక పూట ఆగి చూడాలి. తొందరపడి గట్టిగా తిప్పితే మర పాడైపోతుంది, బాగుచేయించాలంటే తాతలు దిగొస్తారు.

కాబట్టి తమ్ముళ్లూ, మధ్యరకం గిటార్ ఒకటి చాలు. మిగిలిన డబ్బుతో మంచి డీఐ బాక్స్, రెండు కేబుళ్లు, ట్యూనర్, టెస్టర్ కొనుక్కోండి. ఇంట్లో శుభకార్యానికి ఆర్కెస్ట్రా పెట్టించుకునే పెద్దలకు కూడా ఒక మనవి. హాలు మాట్లాడుకునేటప్పుడు పూల అలంకరణ ధర అడిగినట్టే, స్టేజీ దగ్గర ఎర్త్ ఉన్న ప్లగ్ పాయింట్ ఎక్కడుందో అడగండి. మేనేజర్ తడుముకుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి, జనరేటర్‌కు ఎర్త్ కడ్డీ దిగేశాకే మైక్ సెట్ ఆన్ చెయ్యనివ్వండి.