టైరు గాళ్లలో దాగిన పనితనం

మాచర్ల, గురజాల వైపు పత్తి, మిరప చేలలో వాన పడ్డాక నల్లరేగడి కాలికి బంకలా పట్టేస్తుంది. అదే మట్టిలో ట్రాక్టరు సాగిపోతుంది. ఆ ఘనత ఇంజిన్‌ది మాత్రమే కాదు, వెనక టైరు బటన్‌ది, అంటే నేలను తాకే రబ్బరు అచ్చుది కూడా. ఏటవాలుగా పేర్చిన ఎత్తైన దిమ్మల మొన ముందుగా నేలలో దిగుతుంది. చక్రం తిరిగేకొద్దీ బురద మధ్య నుంచి అంచులకు జారి రాలిపోతుంది.

కారు టైరుది మరింత సున్నితమైన పని. నరసరావుపేట రోడ్డు మీద జోరువాన పడ్డప్పుడు, చుట్టూ ఉన్న లోతైన గాళ్లు నీటిని పక్కకు తోసేయాలి. లేకపోతే రబ్బరు నీటి మీద తేలుతుంది. బ్రేకు, స్టీరింగు రెండూ మాట వినవు. దిమ్మల మీది సన్నటి చీలికలు తమ అంచులతో తడి రోడ్డును పట్టుకుంటాయి. ఆ దిమ్మలన్నీ ఒకే సైజులో ఉండవు, కావాలనే అలా చేస్తారు. ఒకే కొలతైతే వేగం పెరిగినప్పుడు ఒకే తీరు హోరు పుట్టి చెవులు హోరెత్తుతాయి. కొలతలు మారిస్తే ఆ చప్పుడు చెదిరిపోతుంది. కూర్చున్నవాళ్ల చెవుల కోసం కూడా ఇంత ఆలోచించారంటే ఎంత ముచ్చటేస్తుందో!

కారు టైరు గాడి అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న రబ్బరు కట్ట ఉంటుంది. బటన్ అరిగి దానితో సమానమైందంటే టైరు మార్చాల్సిందే. వానలు మొదలయ్యేలోపు ఒక్కసారి వంగి చూసుకోండి.