టైటిలు, పట్టా: అర్థనిర్ణయవిచారము

ఆంగ్లపదమునకు తెలుఁగర్థము చెప్పుట యనఁగా నిఘంటువు తెఱచి తొలిపదమును గ్రహించుటయే యని పలువురు తలఁచుచున్నారు. ఇది భ్రాంతి. సైంధవశబ్దమునకు ఉప్పనియు, గుఱ్ఱమనియు రెండర్థములు కలవు. భోజనవేళ సైంధవము తెమ్మనఁగా గుఱ్ఱమును తెచ్చువాఁడు నిఘంటువు నెఱిఁగియు భాష నెఱుఁగనివాఁడు. ప్రకరణసాహచర్యాదులచే నర్థము నిర్ణయింపవలయునని భర్తృహరి వాక్యపదీయమున నిరూపించెను. ఆ న్యాయము పరభాషాపదములకును వర్తించును.

ఖమ్మము, భద్రాచలముల నడిమి యడవులలోని ములకలపల్లి ప్రాంతము దీనికి తగిన యుదాహరణము. అచ్చటివారికి 'బీటు' అనఁగా కొట్టుట కాదు. అటవీరక్షకుఁడు కావలి తిరుగు ప్రదేశము. 'రేంజి' యనఁగా వరుస కాదు. రేంజరు పాలనకు లోఁబడిన యడవి. ఈ పదముల నట్లే గ్రహించుటచే నర్థహాని కలుగలేదు. హాని కలిగినది తెలిఁగించిన పదమునందే.

2006 నాఁటి అటవీహక్కుల చట్టమున 'టైటిలు' అను పదము కలదు. బడిలో దీనికి శీర్షిక, బిరుదము అని యర్థములు చెప్పుదురు. అవి యిచ్చట పొసఁగవు. న్యాయశాస్త్రమున నిది స్వత్వమునకు మూలమైన హక్కు. వ్యవహారమున దీనిని 'పట్టా' యనిరి. 2023లో తెలంగాణమున పంచిన పత్రములకును పోడుపట్టాలనియే ప్రసిద్ధి.

ఈ వ్యవహారమున రెండు చిక్కులు కలవు. మొదటిది: పట్టా యన్నచో ప్రభుత్వ మిచ్చినదని స్ఫురించును. చట్టమో, గిరిజనులు 2005 డిసెంబరు 13కు పూర్వమే సాగుచేసికొనుచున్న నేలపై హక్కును, నాలుగు హెక్టార్లకు మించకుండ, గుర్తించుచున్నది. చట్టము పేరునందే 'గుర్తింపు' అను మాట కలదు. 'ఇచ్చుట'కును 'గుర్తించుట'కును గల భేదము దానమునకును ఋణము తీర్చుటకును గల భేదమే.

రెండవది: పట్టాభూమి వారసత్వముగా సంక్రమించును, విక్రయింపవచ్చును. ఏజెన్సీలో 1970 నాఁటి నిబంధనము గిరిజనేతరులకు బదిలీని నిషేధించినను, గిరిజనుఁడు గిరిజనునికి అమ్ముట నిషిద్ధము కాదు. ఈ చట్టపు హక్కో, వారసులకు సంక్రమించును గాని యెవ్వరికిని అమ్మరాదు. పట్టా యను పేరు విని సొమ్మిచ్చి కొన్నవానికి నేల దక్కదు. అమ్మినవాఁడును చిక్కులఁ బడును.

రూఢి బలవత్తరమని కొందఱు వాదింపవచ్చును. నిజమే. 'పోడుపట్టా' యను సమాసమున పూర్వపద ముత్తరపదార్థమును సంకోచింపఁజేయుచున్నది గాన నది గ్రాహ్యము. 'పోడు' వదలి 'పట్టా' యని మాత్రమే వ్రాసినచో నా సంకోచము నశించి భ్రాంతి కలుగును. లిఖితవ్యవహారమున 'హక్కుపత్రము' అనుట మేలు.

బ్రౌను దొర 1854లో తెలుఁగునఁ జేరిన యన్యదేశ్యములకు ప్రత్యేకముగ మిశ్రభాషానిఘంటువును ప్రకటించెను. నేఁటి నిఘంటుకర్తలు ప్రతిపదమునకు నర్థముతోపాటు ప్రయోగస్థానమును గూడ చూపవలయును. ఉపాధ్యాయులును అర్థములను వల్లె వేయించుట మాని, వాక్యమిచ్చి యర్థము నడుగుట యుచితము.