వాల్వు తెరిచే ఉందా?

ఆయుధపూజ ముందు వారం హిందూపురం ఫ్యాక్టరీల్లో పెయింటర్లకు చేతినిండా పని. తూమకుంటలో మెయింటెనెన్సు చూసే రోజుల్లో ఒక దసరాకు షెడ్డు పైకప్పుకు తెల్ల రంగు స్ప్రే చేయించాం. మరునాడు పొద్దున తలెత్తి చూస్తే పైపులతో పాటు మంటలార్పే స్ప్రింక్లర్ హెడ్లకు కూడా రంగు పడింది. పెయింటర్ మాత్రం మెచ్చుకోలు కోసం నా మొహంలోకే చూస్తున్నాడు. "చూడు సామీ, ఎర్ర చుక్క గూడా కనపడకుండా కొట్టినా" అన్నాడు.

అసలు సంగతంతా ఆ ఎర్ర చుక్కలోనే ఉంది. అదొక చిన్న గాజు బల్బు. లోపల ఎర్రటి ద్రవం, అందులో ఆవగింజంత గాలి బుడగ. వేడెక్కితే ద్రవం ఉబ్బుతుంది. 68 డిగ్రీల దగ్గర గాజు పగిలిపోయి, అది పట్టి ఉంచిన మూత ఎగిరిపోతుంది, నీళ్ళు దూకుతాయి. మామూలుగానే వేడిగా ఉండే చోట్లకు 93 డిగ్రీల ఆకుపచ్చ బల్బు పెడతారు. బల్బు మీద రంగు పడితే వేడి తగలడం ఆలస్యమవుతుంది, మూత కూడా అతుక్కుపోవచ్చు. థిన్నర్‌తో తుడిచేస్తే సరిపోదా అంటే సరిపోదు, హెడ్డు మార్చాల్సిందే. మార్చాం. ఆ బిల్లు మీద సంతకం పెడుతూ మా మేనేజరు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

సినిమాల్లో హీరో లైటర్ వెలిగించి పైకి చూపిస్తే హాలంతా వాన కురుస్తుంది. అది నిజమని నమ్మి ఈ సిస్టమ్‌కే భయపడేవాళ్ళు చాలామంది. ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి గోడౌనుకు హెడ్లు పెట్టిద్దామంటే, "ఏమప్పా, మంట లేకుండానే ముంచేట్టున్నావే! నీళ్ళు పడితే చీరలేం గావాల?" అని నిలదీశాడు. అన్నీ ఒకేసారి తెరుచుకోవన్నా, ఏ బల్బు కింద మంట ఉంటే అదే పగులుతుంది, ఒక బార్ ప్రెషర్ దగ్గర మామూలు హెడ్డు నిమిషానికి 80 లీటర్లు వదులుతుంది, ఫైరింజన్ గొట్టం తిప్పితే ఇంతకు ఎన్నో రెట్లు పడతాయి అని చెప్పా. అసలు పట్టు అంత సులువుగా అంటుకోదు. ఒక పోగు ముట్టిస్తే వెంట్రుక కాలిన వాసనేసి ఆరిపోతుంది. ఆ పరీక్ష నాకు నేర్పింది కూడా ఆయనే. కానీ చీరల చుట్టూ ఉండే అట్టపెట్టెలూ ప్లాస్టిక్ కవర్లూ పట్టు కాదు కదా! చివరికి ఒప్పుకున్నాడు. ఇప్పుడు పెళ్ళిళ్ళ సీజన్ వస్తే సరుకును హెడ్లకు ఆనించి పేరుస్తాడు. కనీసం అర మీటరు ఖాళీ వదలకపోతే నీళ్ళు విచ్చుకోవు, పై పెట్టె తడుస్తుంది, కింది పెట్టె కాలుతుంది. వెళ్ళినప్పుడల్లా మా ఇద్దరికీ దీని మీదే గొడవ.

2013 డిసెంబర్ 28 తెల్లవారుజామున కొత్తచెరువు దగ్గర బెంగళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్‌లో బీ1 ఏసీ బోగీ కాలి 26 మంది పోయారు. రైలుకూ గోడౌనుకూ పోలిక లేదు, నాకు తెలుసు. నాకు గుర్తుండిపోయింది ఆ వేళ మాత్రమే. అందరూ నిద్రలో ఉన్న వేళ. వాచ్‌మన్ లేవకపోయినా, ఎవరూ బటన్ నొక్కకపోయినా ఈ గాజు బల్బు తన పని తాను చేస్తుంది. అయితే దాని వెనక నీళ్ళుండాలి.

మా సీమలో చిక్కంతా అక్కడే. ఎండాకాలం ట్యాంకరు ఆలస్యమైతే అందరి కన్నూ ఫైర్ ట్యాంకు మీదే. ఒక ఆఫీసులో బాత్‌రూములకు నీళ్ళు లేవని దాంట్లోంచి మోటరు పెట్టి లాగేశారు. ట్యాంకు ఒకటే అయితే వాడకం పైపు పైన, ఫైర్ పంపు పైపు అడుగున ఉండాలి. పై పైపు దాకా వాడుకున్నా మంటల కోసం దాచింది మిగులుతుంది. ఆ ఎత్తు తేడాను ఎవరూ చెరపకూడదు.

ఇక నేను చేసిన తప్పు. ఒకసారి లైను కారుతోందని మెయిన్ వాల్వు మూసి అతుకు వేయించా, తెరవడం మర్చిపోయా. పదకొండు రోజులు. గేజి చూస్తే ప్రెషర్ బ్రహ్మాండంగా ఉంది. ఉండదూ మరి? పైపులో ఇరుక్కున్న నీళ్ళు ఎక్కడికీ పోలేదు, ముల్లు దిగలేదు. ఒక బుధవారం లైను చివర టెస్టు కుళాయి తిప్పితే కుళ్ళు వాసనతో నల్లటి నీళ్ళు ఒక్క దమ్ము ఎగదన్ని ఆగిపోయాయి. నీళ్ళు పారితే మోగాల్సిన గంట మోగలేదు. నా కాళ్ళు వణికాయి. ఆ రోజు నుంచి వాల్వును తెరిచిన స్థితిలో గొలుసేసి తాళం వేయిస్తా. స్ప్రింక్లర్లు ఉండి కూడా పనిచేయని చోట్ల ఎక్కువసార్లు బయటపడే కారణం ఇదే, ఎవరో ఎప్పుడో మూసేసిన వాల్వు.

2019లో ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ మొదలయ్యాక పెనుకొండ చుట్టుపక్కల కొత్త షెడ్లు చాలా లేచాయి. అక్కడి కుర్రాళ్ళకు పంపు రూము చూపించడానికి అప్పుడప్పుడు పోతుంటా. లైనులో ప్రెషర్ నిలబెట్టే చిన్న జాకీ పంపు మాటిమాటికీ ఆన్ అవుతోందంటే ఎక్కడో కారుతోందని, డీజిల్ పంపును వారానికోసారి స్టార్ట్ చేయకపోతే అవసరానికి బ్యాటరీ చస్తుందని చెబుతా. వాళ్ళు రిజిస్టరు తెచ్చి చూపిస్తారు. అన్ని వారాలకూ ఒకే పెన్నుతో, ఒకే రోజు కొట్టిన టిక్కులు. నేనేమీ అనను. "పదండి, టెస్టు కుళాయి తిప్పుదాం" అంటా.

ఈ దసరాకు రంగులు వేయించే ఆలోచన ఉంటే పెయింటర్‌ను పిలిచే ముందు ప్రతి హెడ్డుకూ కాగితం సంచి తొడిగించండి. రంగు కాస్త ఆరగానే అన్నీ తీయించండి, తీసినవి లెక్కపెట్టుకోండి.