డబ్బకు నోరెక్కడిది?

పరోక్ష కథనం పాఠం తీయగానే క్లాసు చప్పబడిపోతుంది. ‘‘నేను రేపు వస్తాను’’ అని రవి అన్నాడు. దీన్ని మార్చి రాయమంటాం. తాను మరునాడు వస్తానని రవి అన్నాడు. ఎట్లా మార్చాలో మాత్రం బాగా చెప్తాం: కొటేషన్లు తీసెయ్యి, ‘నేను’ కొట్టేసి ‘తాను’ పెట్టు, ‘రేపు’ను ‘మరునాడు’ చెయ్యి. ఎందుకు మార్చాలి సార్ అని అడిగినవాడికి, పరీక్షలో వస్తుందిరా అని జవాబు. మొదటి వాక్యంలో రవి గొంతు ఉంది, రెండోదాంట్లో రవి గురించి చెప్తున్న ఇంకెవరిదో గొంతు ఉంది, అందుకే ఈ మార్పులన్నీ అన్న ముక్క నల్లబల్ల మీద కనబడదు. అక్కడ అన్నీ ఒకే సుద్దముక్క రాతలు.

బొమ్మల కథలో కనబడుతుంది. నోటి దగ్గరికి తోక సాగిన బుడగలో ఉన్నది పాత్ర మాట. గడి పైన గీతలు కొట్టి కట్టిన డబ్బాలో ఉన్నది కథ చెప్పేవాడి మాట. మా ఏడో తరగతి వాట్సాప్ గ్రూపులో ఒకడు పై డబ్బాలో ‘మల్లేశు నేను రాను అన్నాడు’ అని రాసి ఫొటో పెట్టాడు. కాసేపటికి దాని కింద ఒక పిల్ల వాయిస్ మెసేజ్: ‘‘అరే, డబ్బల నేను అంటే ఎవడురా? డబ్బకు నోరెక్కడిది?’’ ఇంకొకడు, ‘‘తోక గీస్తే అయిపోతది’’ అన్నాడు. ‘‘తోక గీస్తే అది బుడగైతది. అప్పుడు మల్లేశు పేరెందుకు?’’ అని మళ్లీ ఆ పిల్లే. ప్రత్యక్ష, పరోక్ష కథనాల పాఠం అక్కడితో అయిపోయింది. వాటికి ఆ పేర్లున్నాయని చెప్పడం ఒక్కటే నాకు మిగిలింది.

ఈ బొమ్మల అలవాటు కరోనాకు బడులు మూతబడ్డప్పటిది. మా కల్వకుర్తి చుట్టుపక్కల ఆన్‌లైన్ చదువు మొదలైంది రాష్ట్రమంతటితో పాటే, 2020 సెప్టెంబర్ 1న. టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో పాఠాలు వచ్చేవి. టీవీ చెప్పింది, పిల్లలు విన్నారు. వినడం వేరు, వ్యాకరణం చేతికి రావడం వేరు. పోనీ ఫోనులో లైవ్ క్లాసు పెడదామంటే, ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోను పొద్దున్నే నాన్న జేబులో పడి హైదరాబాద్ పనికి పోతుంది, చీకటిపడ్డాక గానీ ఇల్లు చేరదు. నాలుగు గళ్ల బొమ్మకు ఆ ఇబ్బంది లేదు. గ్రూపులో పడి ఉంటుంది, ఎవరి ఫోను ఎప్పుడొస్తే అప్పుడు చూసుకుంటారు. డేటా కూడా పెద్దగా తినదు. అందుకే బడులు తెరిచాక కూడా ఆ అలవాటు మానలేదు. శుక్రవారం సాయంత్రం నేను బొమ్మలు గీసి, బుడగలు ఖాళీగా వదిలి పంపుతాను. పిల్లలు నోట్‌బుక్కులో దించుకుని, మాటలు రాసి, ఫొటో తీసి పెడతారు.

టైపు చేయనివ్వను. చేయనిస్తే ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కొడతారు. పలు, పాలు, పళ్లు అన్నీ ఒక గంపలో పడతాయి. కామిక్ యాప్‌ల సంగతీ చూశాను. కొన్నింట్లో తెలుగు రాస్తే ఒత్తులు ఊడి పక్కన కూర్చుంటాయి. బొమ్మల్లోని పిల్లలకేమో చలికోట్లు, ఉన్ని టోపీలు. నేనే ఎప్పుడైనా కంప్యూటర్లో తయారుచేస్తే, గూగుల్ ఉచితంగా ఇచ్చే తెలుగు ఫాంట్లలో ‘గిడుగు’ తీసుకుంటాను. వాడుక భాష కోసం అంతగా కొట్లాడిన గిడుగు రామమూర్తి పేరున్న అక్షరాల్లో ‘ఏడికి వోతున్నవ్’ అని రాస్తుంటే నాకదో సంతోషం.

పాలమూరు పిల్లల నోట ‘ఉరికిండు’, పుస్తకంలో ‘పరుగెత్తాడు’. మామూలుగా మొదటిదాని కింద ఎర్ర గీత పడుతుంది. బొమ్మల కథలో రెండింటికీ చోటుంది. బుడగలో ఇంటి మాట, డబ్బాలో పుస్తకం మాట. బుడగలో ‘నేను వెళ్లుచున్నాను’ అని రాస్తే నేను దిద్దేలోపే పక్కవాళ్లు నవ్వుతారు. ఒక మాటను బుడగలోంచి డబ్బాలోకి దించేటప్పుడు క్రియ చివర ఏం మారుతోందో వాళ్ల కంటికే పడుతుంది. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం ఇచ్చినప్పుడు ఈ ‘ఉరికిండు’ ఆయన లెక్కలో లేదు. అంతమాత్రాన దానికి లెక్క లేదని కాదు. ఉరికిన, ఉరికినవ్, ఉరికిండు, ఉరికింది, ఉరికిన్రు, ఉరికినయ్. వరస ఎక్కడా తప్పదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గడికీ గడికీ నడుమ ఉండే ఖాళీ. మొన్నటి బొమ్మ చూడండి. మొదటి గడిలో మల్లేశు పక్కలోంచి లేస్తున్నాడు. రెండోదాంట్లో నోట్లో సగం జొన్నరొట్టె, చేతిలో సంచి, కాళ్లు అప్పటికే పరుగులో. మూడోదాంట్లో చెప్పు ఒకటి వెనక పడిపోయింది. నాలుగో గడిలో కొట్ర చౌరస్తా, దుమ్ము, దూరంగా ఎర్రబస్సు వెనక భాగం. అన్నిటినీ కలిపి ఒకే వాక్యం రాయమన్నాను. ‘మల్లేశు లేచి, రొట్టె తింటూ పరుగెత్తినా బస్సు అందలేదు.’ ‘లేచి’ క్త్వార్థకం: ఒక గడి అయిపోయింది, పక్క గడిలో అడుగు పెట్టాం. ‘తింటూ’ శత్రర్థకం: ఒకే గడిలో రెండు పనులు. ‘పరుగెత్తినా’ అప్యర్థకం: అనుకున్నది జరగని గడి, నవ్వు పుట్టేది ఎప్పుడూ అక్కడే. ‘జర ముందుగాల లేస్తే’ అన్న చేదర్థకం మల్లేశు తల మీద మబ్బులాంటి బుడగలోకి పోయింది. జరగని పనికి గడి దొరకదు మరి. ఒకడు తొందరలో ‘మల్లేశు లేచి బస్సు పోయింది’ అని రాశాడు. ‘‘లేసింది బస్సా?’’ అని గ్రూపంతా పగలబడి నవ్వింది. క్త్వార్థకానికీ ముగింపు క్రియకూ కర్త ఒకడే ఉండాలన్న నియమం నేను చెప్పకముందే అందరికీ ఎక్కింది. పేర్లు సంస్కృతంలో ఉండి పిల్లల్ని బెదరగొడతాయి గానీ, అవి చేసే పని బొమ్మ గీసుకున్నవాడికి కొత్తేమీ కాదు.

మేక గొడవ ఇంకోటి. ఆడపిల్లకూ మేకకూ తెలుగులో ఏకవచనం క్రియ ఒకటే: వచ్చింది. బహువచనంలో దారులు వేరు: ఆడపిల్లలు వచ్చారు, మేకలు వచ్చాయి. మరి ఒక పిల్లా ఒక మేకా కలిసి చెరువుకు పోతే డబ్బాలో ‘పోయారు’ రాయాలా, ‘పోయాయి’ రాయాలా? వాయిస్ మెసేజ్‌ల మీద వాయిస్ మెసేజ్‌లు. చివరికి వాళ్లే తేల్చుకున్నారు: మేకకు మాటల బుడగ ఉంటే ‘పోయారు’, అది ఉత్తగా మే అంటే దానికి వేరే వాక్యం. మాట్లాడితే మనిషి కిందే లెక్కట. నాకు ఒప్పుకోక తప్పలేదు.

మా ఊరు కల్వకుర్తి అని చెప్పగానే బయటివాళ్లు అడిగేది ఒకటే, 1989లో ఎన్టీఆర్ ఓడింది అక్కడే కదా అని. కర్మణి వాక్యానికి దీన్నే వాడుకున్నాను. పిల్లలు తాతల్ని అడిగి బుడగలు నింపుకొచ్చారు: ‘‘మేమే ఓడగొట్టినం’’, ‘‘చిత్తరంజన్‌దాస్‌ను గెలిపించినం’’. ‘ఎన్టీఆర్ మాచేత ఓడింపబడ్డారు’ అని ఏ తాతా అనలేదు. కర్మణిని బుడగలోకి ఎక్కించాలని ఎంత చూసినా తెలుగు నోరు ఒప్పుకోదు. నోటీసు బోర్డులో, పోలీసు కాగితంలో, అంటే మాట్లాడేవాడు తన పేరు దాచుకునే చోట మాత్రం హాయిగా ఉంటుంది.

బొమ్మ చూపించి వాక్యం రాయించడం నేను కనిపెట్టిందేం కాదు. 1947 జూలైలో మొదలైన చందమామ ఏళ్ల తరబడి ఫొటో వ్యాఖ్యల పోటీ నడిపింది. రెండు ఫొటోలిచ్చి, ఒకదానికొకటి పొందికగా చిన్న వ్యాఖ్యలు రాయమనేది. ఒకదాని చివర ఏ విభక్తి వస్తే రెండోదాని చివరా అదే రావాలని కార్డు రాసే పిల్లలు వెతుక్కునేవాళ్లు. అది వ్యాకరణం అని ఎవరూ వాళ్లకు చెప్పలేదు. 2021 మార్చిలో సీబీఎస్ఈ, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి దీక్ష ఆన్‌లైన్ వేదికలో వందకు పైగా కామిక్స్ పెట్టాయి, 3 నుంచి 12వ తరగతి దాకా. మంచి పనే. కానీ అవి నిండు బుడగలతో వస్తాయి, పిల్లలు చదివి ఊరుకుంటారు. నాకు ఖాళీ బుడగ కావాలి.

సంధులకు ఈ పద్ధతి పనికిరాదు. ‘రాముడు అతడు’ అన్నా ‘రాముడతడు’ అన్నా బొమ్మ మారదు. ఛందస్సుకు అసలే కాదు. వాటికి నోట్‌బుక్కు, వల్లెవేత తప్పవు. పదో తరగతి పిల్లల తల్లులు గేటు దగ్గర ఆపి, ‘‘బొమ్మలు గీస్తే మార్కులు వడ్తయా సార్?’’ అని అడుగుతారు. వాక్యాలు మార్చే ప్రశ్నలకు పడతాయమ్మా, మిగతావాటికి పడవు అని చెప్తాను. ఈ శుక్రవారం తిరగేసి పంపుతున్నాను: బుడగలు నిండుగా, డబ్బాలు ఖాళీగా. హోటలు ముందర ఇద్దరు ముసలాళ్లు, గోడకు ఆనించిన సైకిలు, దాని సీటు మీద ఒక కోడి. కోడికి బుడగ పెట్టలేదు. కావాలంటే వాళ్లే పెట్టుకుంటారు.