నూనె తీయించే తేదీ

నల్లకుంట నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోని ఆర్ట్స్ కాలేజీ దాకా రోజూ పొద్దున్నే నడిచి రావడం మా అక్కయ్యకు అలవాటు. ముందటేడు ఒకరోజు సగం దారిలోనే ఆగిపోయి, "ఎడమ కంట్లో కింది నుంచి నల్లటి తెర లేస్తోందిరా" అంది. రెటీనా ఊడింది. మేం వెళ్లేసరికే ముడతలు కూడా పడింది.

ఊడిన రెటీనాను నిలబెట్టడానికి కంట్లోని విట్రియస్‌ను, అంటే నాలుగు మిల్లీలీటర్ల జిగురును, తీసేస్తారు. రెటీనా పొరను వెనక గోడకు సర్ది లేజర్‌తో అతికిస్తారు. అతుకు గట్టిపడేదాకా కదలకుండా సిలికాన్ నూనె నింపుతారు. ఈ నూనె వాడకానికి 1962లో అమెరికాలో పాల్ సిబిస్ దారి చూపాడు. 1970లో రాబర్ట్ మాకెమర్ విట్రియస్‌ను తీసే ఆపరేషన్, విట్రెక్టమీ, చేసి చూపాక ఆ దారి విశాలమైంది. దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన స్థలంలో 1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు నేత్ర వైద్య సంస్థను నిలబెట్టిన ఊరు మనది. ఇలాంటి వైద్యం కోసం పరాయి రాష్ట్రానికి పరుగెత్తాల్సిన అవసరం మనకు లేదు.

నూనె నీటికన్నా తేలిక, పైకే తేలుతుంది. మనిషి బోర్లా ఉంటే కంటి వెనక గోడ పైకి వస్తుంది, నూనె వెళ్లి దాన్ని ఒత్తుతుంది. అందుకే ఆపరేషన్ అయ్యాక పది రోజులు అక్కయ్య బోర్లానే ఉంది. కూర్చున్నా తల వంచే ఉండాలి. స్టూలు మీద దిండు పెట్టి నుదురు ఆనించేవాళ్లం. మజ్జిగ స్ట్రాతో తాగేది. నేను కింద చాప మీద కూర్చుని, ఆమె ముఖానికి ఎదురుగా పేపరు చదివేవాణ్ణి.

చూపు వచ్చింది. నూనె ఉన్నంతకాలం ఆ కంటికి ఐదారు ప్లస్ పవరు కావాల్సి వచ్చినా, మనుషుల్ని గుర్తుపట్టేది. డాక్టరుగారు ఆరు నెలల్లోపు నూనె తీయాలన్నారు. ఇంట్లో మనవరాలి పెళ్లి వచ్చింది, ఆ తర్వాత ఎండలు. "బాగానే కనబడుతోంది కదా" అని ఆమె అంది, నేనూ సరేనన్నాను. ఆ మాటకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

పదకొండో నెలలో వెళ్తే, డాక్టరుగారు కంటి ఫొటోను తెర మీద పెద్దది చేసి చూపించారు. నల్లగుడ్డు ముందర, పై అంచున, సన్నటి తెల్లటి గీత. దగ్గరగా చూస్తే అది గీత కాదు, ఆవగింజలో వందో వంతు కూడా లేని నూనె బిందువుల వరస. కన్ను రోజంతా అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది. కవ్వం ఆడినట్టు ఆ కదలికకు నూనె చిలకబడి బిందువులుగా విడిపోతుంది. 1000 సెంటీస్టోక్స్ నూనెకన్నా 5000 రకం చిక్కన, విడిపోవడం ఆలస్యం. అయినా ఏదీ శాశ్వతం కాదు.

ఆ బిందువులు కంటి నీరు బయటికి పోయే జల్లెడలో ఇరుక్కుంటే ప్రెజర్ పెరుగుతుంది, కంటి నరం దెబ్బతింటుంది. నూనె ఆనుకుని ఉంటే కటకానికి పోషణ తగ్గి శుక్లం వస్తుంది. కార్నియా లోపలి వైపు తగిలితే అక్కడి కణాలు రాలిపోయి కన్ను తెల్లబారుతుంది. రెటీనా పొరల్లోకి, కంటి నరంలోకి కూడా నూనె చేరడం సూక్ష్మదర్శిని కింద చూసిన వాళ్లున్నారు.

అక్కయ్యకు నూనె తీసి, శుక్లం ఆపరేషన్ కూడా చేశారు. రెటీనా నిలిచింది. ప్రెజర్ మాత్రం పూర్తిగా దిగలేదు. రోజుకు రెండుసార్లు చుక్కలు వేస్తున్నాం, ఇక ఎప్పటికీ వేయాల్సిందే.

నూనెను తప్పు పట్టను. అది లేకుంటే ఆ కన్నే లేదు. తీసేస్తే పొర మళ్లీ ఊడుతుందనుకున్న కళ్లలో డాక్టర్లే దాన్ని ఉంచేస్తారు. అది వాళ్లు ఆలోచించి తీసుకునే నిర్ణయం. మన వాయిదా మాత్రం నిర్ణయం కాదు.

మీ ఇంట్లో ఎవరి కంట్లోనైనా సిలికాన్ నూనె ఉంటే, దాన్ని తీయించే తేదీ ఈ రోజే డాక్టరును అడగండి. పెళ్లి ముహూర్తం రాసుకునే క్యాలెండర్ మీదే ఆ తేదీ కూడా రాసి పెట్టండి. చూపు బాగున్నా సరే, ఆ రోజున వెళ్లండి.